చెట్టుకు దండం పెట్టొచ్చా? పెద్దింట్లమ్మ జాతర, ఐర్లండు దేవతలు, మన ధమ్మం

 

ఫాల్గుణ మాసం వచ్చిందంటే కొల్లేటి లంకల్లో మన ఉపాసికల ఇళ్లలో ఒక తగువు మొదలవుతుంది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర. ఏలూరు నుంచి, కైకలూరు నుంచి, ఆకివీడు నుంచి జనం కదులుతారు. ఆ అమ్మవారిని జలదుర్గ అని కూడా పిలిచి గోకర్ణేశ్వరస్వామితో కల్యాణం చేస్తారు. మన ఉపాసిక దీక్ష తీసుకుని పదేళ్లయి ఉంటుంది. అయినా పుట్టింటి నుంచి కబురొస్తుంది: "అమ్మోరికి చీర పెట్టాలి, ఒక్కసారి వచ్చి పోవే" అని. వెళితే విహారంలో మాట పడాలి, వెళ్లకపోతే పుట్టింట్లో మాట పడాలి. ఆ వారంలోనే పిల్లాడికి జ్వరం తగిలిందా, ఇక చెప్పక్కర్లేదు. "చూశావా, నువ్వు పట్టించుకోలేదని ఆవిడకి కోపం వచ్చింది" అంటారు. ఎంత చదువుకున్న ఆడపిల్లకైనా ఆ మాట గుండెలో ఎక్కడో గుచ్చుకుంటుంది.

మన 22 ప్రతిజ్ఞల్లో మూడోది ఈ విషయాన్ని తేల్చేసింది కదా, ఇంకా చర్చ ఎందుకు అనే అన్నలున్నారు. గౌరి, గణపతి మొదలైన దేవీదేవతల్ని నమ్మనని, పూజించనని ప్రతిజ్ఞ చేశాం, నిజమే. కానీ లంకల్లో మన అక్కచెల్లెళ్లు అడిగే ప్రశ్న కొంచెం వేరుగా ఉంటుంది. "అక్కా, రాముడు, కృష్ణుడు అంటే బ్రాహ్మల దేవుళ్లు, వదిలేశాం. పెద్దింట్లమ్మ అలా కాదు కదా. ఆమె కొల్లేరే. నీళ్లే. మన తాతల నాటి నుంచి ఉన్న తల్లి. నీళ్లకు దండం పెడితే తప్పేంటి?"

ఇదే ప్రశ్న నాకు ఇంకో దిక్కు నుంచి కూడా వచ్చింది. తాడేపల్లిగూడెంలో పుట్టి, ఐర్లండులో ఎమ్మెస్ చదువుతున్న మన పిల్ల ఒకతి ఫోన్ చేసింది. "పిన్నీ, ఇక్కడ విక్కా అని ఒక ప్రకృతి మతం ఉంది. చెట్టునీ, నీటినీ, చంద్రుణ్ణీ పూజిస్తారు. ఆడవాళ్లే పూజారిణులు. కులం లేదు, నరకం లేదు, ఎవరికీ హాని చెయ్యొద్దంటారు. మన పంచశీల లాగే ఉంది కదా. అందులో చేరితే తప్పా?" అని. లంకల్లో అక్క అడిగినదీ, డబ్లిన్ నుంచి పిల్ల అడిగినదీ నిజానికి ఒకే ప్రశ్న. అందుకని రెండిటికీ కలిపి ఈ పుస్తకం.

ముందు ఆ విక్కా సంగతి. అది పాతదని చెప్పుకుంటారు గానీ పాతది కాదు. జెరాల్డ్ గార్డనర్ అనే ఇంగ్లీషు ఆయన సిలోనులో తోటల పని, మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి రిటైరయ్యాక దీన్ని నిలబెట్టాడు. మంత్రవిద్యల మీద బ్రిటన్‌లో 1735 నుంచి ఉన్న చట్టం 1951లో రద్దయింది. 1954లో ఆయన పుస్తకం వచ్చింది. క్రైస్తవం రాకముందు యూరప్‌లో ఉన్న దేవత మతమే రహస్యంగా బతికి తమ దాకా వచ్చిందని వాళ్లన్నారు. చరిత్రకారులు దాన్ని ఒప్పుకోలేదు. అంటే మన బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష ఇచ్చిన 1956కీ, ఆ మతం పుట్టుకకీ పెద్ద తేడా లేదు. ఒకే కాలంలో ఇక్కడ మనవాళ్లు కూడా, అక్కడ వాళ్లు కూడా పోయిన దారి వెతుక్కుంటున్నారన్నమాట.

ఆ తర్వాత వాళ్లలో రకరకాల శాఖలు పుట్టాయి. కొందరు ఐర్లండు పురాణ కథల్ని పట్టుకున్నారు. లూగ్ దేవుడు, మోరిగన్ అనే యుద్ధ దేవత, బోయిన్ నదిగా మారిన బోవన్, అగ్నికీ కవిత్వానికీ వైద్యానికీ తల్లి అయిన బ్రిజిడ్. ఏడాదికి ఎనిమిది పండగలు చేస్తారు. వాటిలో నాలుగింటికి ఐర్లండు పేర్లే: సౌవిన్, ఇంబోల్క్, బెల్టేన్, లూనసా. చలి మొదలైనప్పుడు, గొర్రెలు ఈనేటప్పుడు, పశువుల్ని మేతకు తోలేటప్పుడు, కోతలప్పుడు. మన ఏరువాక, సంక్రాంతి లాంటివే. మట్టితో బతికే ప్రతి జాతికీ ఇలాంటి పండగలుంటాయి.

అందులో మంచి లేదని నేననను. చర్చిలో ఆడవాళ్లకు దక్కని చోటు అక్కడ దక్కింది. ఒకప్పుడు మంత్రగత్తె అని కాల్చి చంపిన ఆడవాళ్ల పక్షాన నిలబడి, ఆ తిట్టునే తమ పేరుగా పెట్టుకున్నారు. దళిత్ అన్న మాటను మనం తలెత్తుకుని పలికినట్టే అది. ఆ పిల్లకు ఆ మతం ఎందుకు నచ్చిందో నాకర్థమైంది. ఇక్కడ పేట అని దూరం పెట్టారు, అక్కడ రంగు చూసి దూరం పెడుతున్నారు. చెట్టు అయితే ఎవర్నీ దూరం పెట్టదు.

కానీ ఆ బ్రిజిడ్ కథ ఇంకాస్త ఉంది. క్రైస్తవం వచ్చాక అదే పేరుతో కిల్డేర్‌లో ఒక సన్యాసిని వెలిసింది, సెయింట్ బ్రిజిడ్ అయింది. దేవత పండగ రోజే ఆమె పండగ, దేవతకు లాగే ఆమెకూ ఆరని నిప్పు. పాత దేవతకు కొత్త మతం బట్టలు తొడిగిందని చాలామంది పండితుల అభిప్రాయం. 2023 నుంచి ఆమె పేరు మీద ఐర్లండు ప్రభుత్వం సెలవు కూడా ఇస్తోంది. ఆ దేశపు పురాణాలు మన చేతికి వచ్చినవి కూడా క్రైస్తవ సన్యాసులు రాసిపెట్టినవే. ఓడినవాళ్ల కథ గెలిచినవాళ్ల కలం నుంచి వచ్చింది.

ఈ మాట వింటే మనకు గుర్తురావాల్సింది గుంటుపల్లి. ఏలూరు నుంచి కామవరపుకోట మీదుగా జీలకర్రగూడెం వెళ్లి మెట్లెక్కితే, కొండను తొలిచి చేసిన గుండ్రటి చైత్యగృహం కనిపిస్తుంది. పైకప్పు లోపల చెక్క వాసాల్లాగా రాతిని చెక్కారు. క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం నాటి నుంచి భిక్షువులు అక్కడ ఉన్నారు. నడుమ ఉన్నది స్తూపం. ఆ స్తూపాన్ని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధర్మలింగేశ్వరుడు అంటారు, శివరాత్రికి మొక్కుకుంటారు. బుద్ధుడి స్తూపం శివలింగమైంది, ధర్మం మాత్రం పేరులో మిగిలింది. కాబట్టి "తాతల నాటి దేవత" అని ఎవరైనా అంటే, ఏ తాతల నాటిది, మధ్యలో ఎవరెవరి చేతులు పడ్డాయి అని అడగడం మన హక్కు. నీళ్ల తల్లి పెద్దింట్లమ్మ జలదుర్గ ఎప్పుడైంది? ఆమెకు మొగుణ్ణి ఎవరు తెచ్చారు? పెళ్లి మంత్రాలు ఎవరు చదువుతున్నారు? జాతరలో డప్పు ఎవరు కొడుతున్నారు, దున్నపోతు తల మోసినవాళ్లెవరు, రక్తపు కూడు పొలిమేర చుట్టూ చల్లినవాళ్లెవరు, దక్షిణ ఎవరి చేతిలో పడుతోంది? ఏ ఊరి జాతరకైనా ఈ ప్రశ్నలు వేసి చూడండి. ప్రకృతి పూజలో కులం లేదన్న మాట అక్కడే తేలిపోతుంది. దేవత పేరున మన ఆడపిల్లల్నే జోగినులుగా, మాతమ్మలుగా, బసివిలుగా వదిలారు. దాన్ని ఆపడానికి 1988లో చట్టం తేవాల్సి వచ్చింది.

కొల్లేటికోట మీద ఒక పాత కథ ఉంది. గజపతుల కాలంలో ఆ లంక కోటను పట్టుకోవడానికి శత్రువు చిగురుకోట దగ్గర దిగి, సరస్సు నీళ్లు సముద్రంలోకి పోయేలా ఉప్పుటేరు తవ్వించాడట. యుద్ధంలో గెలుపు కోసం ఒక సేనాని తన సొంత కూతుర్ని బలిచ్చాడట. అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరు. కథే కావచ్చు, చరిత్ర కాకపోవచ్చు. కానీ పేరంటాలు అంటే ఏమిటో కోస్తాలో అందరికీ తెలుసు. నిప్పుల్లోనో నీళ్లలోనో పోయిన ఆడమనిషికి పసుపు రాసి, గుడి కట్టి, అమ్మా అని మొక్కడం. బతికి ఉండగా ఆ పిల్లను ఎవరూ అడగలేదు, నీకు చావాలని ఉందా అని. మన గ్రామదేవతల కథలు పెద్దవాళ్లను అడిగి చూడండి, చాలావాటి అడుగున ఇలా చంపబడ్డ ఒక ఆడమనిషి దొరుకుతుంది. దేవతను చేయడం చంపినవాళ్ల భయం, కొంత పశ్చాత్తాపం. న్యాయం మాత్రం కాదు.

ఐర్లండులోనూ ఇలాంటి సంగతి ఒకటి జరిగింది, అది కథ కాదు. 1895లో టిప్పరరీ ప్రాంతంలో బ్రిజెట్ క్లియరీ అనే ఆమె ఉండేది. పేరు చూడండి, ఆ దేవత పేరే. కుట్టుపని చేసుకుని నాలుగు డబ్బులు సొంతంగా సంపాదించుకునేది. జబ్బు చేసింది. గుట్టల్లో ఉండే మాయజాతివాళ్లు అసలు భార్యను ఎత్తుకుపోయి, ఆమె రూపంలో ఇంకొకర్ని వదిలారని మొగుడు నమ్మాడు. ఇంట్లో చుట్టాలు చూస్తుండగా ఆమెను కాల్చాడు. కోర్టు శిక్ష వేసింది. చెట్టు మీద, గుట్ట మీద అల్లుకున్న అందమైన కథలే ఆ రాత్రి ఆమె మీద నిప్పయ్యాయి. విక్కావాళ్లు అలా చేస్తారని నేననడం లేదు, వాళ్లు అలాంటి ఆడవాళ్ల తరఫువాళ్లు. నేననేది ఒకటే. కనిపించని శక్తి ఒకటుంది, దానికి కోపం వస్తుంది అని ఒప్పుకున్నాక, ఆ కోపాన్ని ఎవరి మీదకు తిప్పాలో నిర్ణయించేది ఊళ్లో బలమున్నవాళ్లే. చేతబడి చేసిందని ముసలామెను కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల పేపర్లలో ఇంకా వస్తూనే ఉన్నాయి. వాళ్లలో ఎక్కువమంది ఎవరు? విధవలు, ఒంటరివాళ్లు, పేదవాళ్లు.

ధమ్మపదంలో బుద్ధవర్గంలో తథాగతుడు ఈ విషయం మీదే మాట్లాడాడు. భయపడ్డ మనుషులు కొండల్ని, అడవుల్ని, తోపుల్ని, చెట్లను శరణు వేడతారని, ఆ శరణుతో దుఃఖం తీరదని, బుద్ధ ధమ్మ సంఘాలను శరణు పొంది నాలుగు ఆర్యసత్యాలను చూసినవాడికే అది తీరుతుందని ఆ గాథల సారం. గమనించండి, చెట్టు చెడ్డదని ఆయన అనలేదు. భయపడి చెట్టు దగ్గరికి వెళ్లడంతో పని కాదన్నాడు. తప్పు చెట్టులో లేదు, భయంలో ఉంది.

భయం ఎలా పోతుందో మన కళ్ల ముందే రెండు రుజువులున్నాయి. మశూచిని మన పెద్దవాళ్లు "అమ్మోరు పోసింది" అనేవారు. వేపమండలు కట్టారు, చల్లి పోశారు, జాతరలు చేశారు. అయినా శతాబ్దాల పాటు పిల్లలు పోతూనే ఉన్నారు. టీకా వేసుకుంటూ ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తల వల్ల 1975 తర్వాత మన దేశంలో ఆ జబ్బు లేదు. ఇప్పుడా అమ్మోరు ఎక్కడికి పోయింది? రెండోది ఏలూరులోనే. 2020 డిసెంబరు మొదటి వారంలో వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లో వందల మంది ఆస్పత్రిలో చేరారు. గాలి సోకిందనీ, అమ్మవారి కోపమనీ అన్నవాళ్ల మాటలు నేను విన్నాను. రక్తం పరీక్ష చేస్తే సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల వైపూ వేలు చూపించారు. అంటే కారణం ఉంది. నీళ్లలోనో, తిండిలోనో, ఎవరో చేసిన పనిలోనో ఉంది. కారణం ఉంటే దాన్ని తీసేయొచ్చు. ఇదుంటే అది ఉంటుంది, ఇది పోతే అది పోతుంది. కార్యకారణం అని మనం వందనలో చెప్పుకునేది గాల్లో మాట కాదు, ఏలూరు మున్సిపల్ కుళాయి దగ్గర పనికొచ్చే మాట. కోపం వచ్చిందనుకుంటే కొబ్బరికాయ కొట్టి ఇంటికెళ్తాం. కారణం ఉందనుకుంటే నీళ్ల శాంపిల్ పట్టుకుని ఆఫీసుకెళ్తాం.

మరి ప్రకృతి మీద ప్రేమ వద్దా? వద్దని ఎవరన్నారు. దీఘ నికాయంలో సిగాలుడి కథ ఉంది. రాజగృహంలో ఒక కుర్రాడు పొద్దున్నే స్నానం చేసి, తడిబట్టతో, తడిజుట్టుతో ఆరు దిక్కులకూ దండం పెడుతున్నాడు. ఎందుకని అడిగితే, చనిపోతూ నాన్న చెప్పాడంటాడు. అచ్చం మన లంకల్లో అక్క చెప్పే జవాబే. బుద్ధుడు అతన్ని వెక్కిరించలేదు. ఆరు దిక్కులకు దండం పెట్టు, కానీ అది ఇలా కాదు అన్నాడు. తూర్పు అంటే తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాపిల్లలు, ఉత్తరం స్నేహితులు, కింద దిక్కు నీ దగ్గర పనిచేసేవాళ్లు, పై దిక్కు శీలవంతులైన శ్రమణులు. కింద దిక్కుకు దండం అంటే ఏమిటో కూడా చెప్పాడు: శక్తికి తగ్గ పని ఇవ్వడం, కూలీ, కూడు పెట్టడం, జబ్బు చేస్తే చూసుకోవడం, రుచైనది దొరికితే పంచడం, వేళకు సెలవివ్వడం. రెండున్నర వేల ఏళ్ల కిందటి ఈ మాట పక్కన చేపల చెరువు గట్టు మీద కాపలా పడుకునే మన కుర్రాడి జీతాన్ని పెట్టి చూడండి.

మన గడ్డ మీదా ఇదే మాట రాతికెక్కింది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. జబ్బు చేసినా, పెళ్లైనా, ప్రయాణమైనా జనం రకరకాల తంతులు చేస్తారు, వాటి ఫలం స్వల్పం, నౌకర్లను బాగా చూడటం, ప్రాణుల్ని హింసించకపోవడం అసలైన తంతు అని తొమ్మిదో శాసనం భావం. ఆ తంతులు ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారని ఒక మాట వేశాడు రాజుగారు. ఆ మాట నాకంత నచ్చదు. బిడ్డ జ్వరంతో కాలిపోతుంటే రాత్రంతా మేలుకునేది ఎవరు? భయమూ వాళ్లకే ఎక్కువ ఉంటుంది మరి.

ఇప్పుడు కొల్లేటి దగ్గరకే వద్దాం. అమ్మా అని మొక్కిన నీళ్లను ఏం చేశాం? బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే మురుగు, పొలాల మందులు, ఫ్యాక్టరీల నీళ్లు అందులోకే. మంచినీటి సరస్సును గట్లు వేసి చేపల చెరువులుగా కోసేశారు. కాగితం మీద పేరు పేదవాడిది, పెట్టుబడీ లాభమూ ఇంకొకరివి. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నారు. 2002లో రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో గట్లు పేల్చారు. మళ్లీ లేచాయి. గట్లు వేసినవాళ్లూ ఏటా జాతరకు వచ్చినవాళ్లే, అమ్మవారికి పెద్ద పట్టుచీర పెట్టినవాళ్లే. దండం సరస్సును కాపాడలేదు. తాటిదోనె మీద మావులు పెట్టి కొర్రమీను పట్టుకున్న వాళ్ల బతుకునూ కాపాడలేదు.

న్యాయానికి, ఒక ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. 1999లో ఐర్లండులో క్లేర్ ప్రాంతంలో లాటూన్ దగ్గర పెద్ద రోడ్డు వేస్తూ ఒక ముళ్లచెట్టును కొట్టేయబోయారు. అది మాయజాతివాళ్ల చెట్టు, ముట్టుకోవద్దని ఎడ్డీ లెనిహన్ అనే జానపద కథకుడు గోల చేశాడు. చెట్టును వదిలి రోడ్డు వేశారు. కథ ఒక చెట్టును బతికించింది, కాదనను. కానీ కథ లేని చెట్టు సంగతి? అమ్మవారు లేని మురుగు కాలువ సంగతి? కథ ఉన్న ఒక్క చెట్టునే అది కాపాడుతుంది. శీలానికి కథతో పనిలేదు. మన 13వ ప్రతిజ్ఞ సకల ప్రాణుల మీద కరుణ చూపమని, వాటిని కాపాడమని చెప్పింది. దేవత ఉన్న ప్రాణి, లేని ప్రాణి అని తేడా పెట్టలేదు. వినయపిటకంలో భిక్షువు మొక్కను నరకకూడదని నియమం ఉంది. కూటదంతుడు పెద్ద యజ్ఞం చేయబోతే బుద్ధుడు చెప్పిన మంచి యజ్ఞంలో పశువును చంపలేదు, యూపస్తంభానికి చెట్టు కొట్టలేదు, పనివాళ్లు ఏడుస్తూ పని చేయలేదు. పశువు, చెట్టు, కూలివాడు ముగ్గురూ ఒకే చోట. ఇంత నిండైన ప్రకృతి ధర్మం మన ఇంట్లోనే ఉంది. ఫోన్లో ఆ పిల్లకు ఇదే చెప్పాను. "నువ్వు అడవికి వెళ్లు, వెన్నెల్లో కూర్చో, ఆ ఆడవాళ్లతో స్నేహం చెయ్యి. శరణు మాత్రం భయానికీ కథకీ ఇవ్వకు" అన్నాను. ఆలోచిస్తానంది. ఆలోచించమనే కదా కాలాములకు కూడా తథాగతుడు చెప్పింది.

"మరి మనం బోధిచెట్టుకు దండం పెడతాం కదక్కా?" అని అడిగేవాళ్లుంటారు. పెడతాం. నీడ ఇచ్చిన చెట్టు మీద కృతజ్ఞతతో, దాని కింద కూర్చున్న మనిషి గుర్తుగా. కొడుకు పుట్టాలని అడగం, అప్పు తీర్చమని అడగం. ఈ మధ్య కొన్ని విహారాల్లో రావిచెట్టుకు దారాలు కట్టడం, పసుపు రాయడం చూస్తున్నాను. ఇది ఆపాలి. స్తూపం ధర్మలింగేశ్వరుడైంది ఇలా మెల్లమెల్లగానే.

ఇక ఫాల్గుణంలో పుట్టింటి పిలుపు సంగతి. వెళ్లండి. అమ్మానాన్నలు సిగాలుడి తూర్పు దిక్కు, వాళ్లతో తెగతెంపులు చేసుకోమని ధమ్మం చెప్పలేదు. చీర కొనండి, అమ్మ చేతికి ఇచ్చి ఆమెనే కట్టుకోమనండి. గుడికి వెళ్లొద్దు, బలిలో పాలు పంచుకోవద్దు, అలాగని గుడికి వెళ్లే వదినగారిని నలుగురిలో ఎగతాళి చెయ్యొద్దు. పిల్లల టీకా కార్డు వెంట ఉంచుకోండి, జ్వరం వస్తే కైకలూరులోనో ఏలూరులోనో డాక్టరుకు చూపించండి. ఇంటి ముందు వేపచెట్టును కొట్టేయాలా అని ఒక ఉపాసిక అడిగింది. ఎందుకమ్మా కొట్టడం, బొట్లు కడిగేసి ఒక మంచం వేసుకోండి, మంచి గాలి.

వైశాఖ పున్నమికి గుంటుపల్లి వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున్నే బయలుదేరండి. ఎండ ఎక్కాక ఆ మెట్లు పెద్దవాళ్లకు కష్టం. నీళ్లు స్టీలు బిందెల్లో తెచ్చుకోండి, ప్లాస్టిక్ సీసాలు వద్దు. స్తూపం దగ్గర అగరొత్తులు, కొబ్బరికాయలు పెట్టకండి. అక్కడ మొక్కుకోవడానికి వచ్చిన ఊరివాళ్లు ఎదురైతే వాదనకు దిగొద్దు. కూర్చోబెట్టి, ఇది ఎవరి స్తూపమో, ఎవరు తొలిచారో నిదానంగా చెప్పండి.